లైన్ క్లియర్ అంటే...?

"మీరు ఏ లైన్లో వున్నారు?"

కిరండూల్ పాసింజర్లో ఎదురు సీటు పెద్దమనిషి నన్నడిగిన మొట్టమొదటి ప్రశ్న అది. రైలు అప్పుడే కొత్తవలస దాటింది. ఆయన అడుగుతున్నది నా వృత్తి గురించేనని తెలిసి కూడా, కుర్రతనం కొద్దీ, "ప్రస్తుతానికి కె.కె. లైన్లో వున్నానండీ!" అన్నాను.

ఆయన నవ్వలేదు. "రైల్వేలోనా?" అన్నారు.

"కాదండీ. సినిమా లైన్."

అంతే! ఆయన నన్ను పై నుంచి కిందికి వొకసారి చూశారు. పక్కనున్న కూతుర్ని కిటికీ వైపు జరిపి, తాను మధ్యలోకి వచ్చి కూర్చున్నారు. సినిమావాడు గదా, అమ్మాయికి 'లైన్' వేస్తాడేమోనని ఆయన భయం కాబోలు!

చూశారా? కొత్తవలస నుంచి శృంగవరపుకోట చేరేలోగా ఒకే మాట మూడు వేషాలు కట్టేసింది. ఒకసారి వృత్తి, ఒకసారి రైలుదారి, ఒకసారి ఆడపిల్లల వెంటపడటం. నాలుగో వేషం ఇంకొకటి వుంది. దాన్ని నేను అరకు కొండల్లో చూశాను. ఆ నాలుగోదాని గురించి చెప్పాలనే ఇప్పుడిది రాస్తున్నాను. కాకపోతే తిన్నగా అక్కడికి వెళితే ఆ మాటలోని కిటుకు మీకు అందదు. కాస్త చుట్టు తిరిగి వెళదాం. కె.కె. లైను కూడా అలాగే గదా, కొండ చుట్టూ మలుపులు తిరిగే అరకు చేరుతుంది!

పానగల్ పార్కులో పుట్టిన లైన్లు

అది 1986 చలికాలం. నేను ఒక చిత్రానికి మూడో అసిస్టెంటు డైరెక్టర్ని. మూడో అసిస్టెంటు అంటే ఏమిటో తెలియని పాఠకులకు చెబుతున్నాను: క్లాప్ కొట్టేవాడు రెండోవాడు. ఆ క్లాప్ బోర్డు మోసేవాడు మూడోవాడు!

మద్రాసులో పానగల్ పార్కు బెంచీల మీద కూర్చున్న రోజుల్లోనే ఈ లైన్ అన్న మాట నా చెవిలో పడింది. "మంచి లైనుందిరా, ప్రొడ్యూసర్ దొరికితే చాలు" అనేవాడొక మిత్రుడు. ఆ లైన్ అంటే కథాసూత్రం. కథంతా రెండు ముక్కల్లో చెబితే అది లైన్. ఆ లైను ఓకే అయితే సీన్లన్నీ వరస పెట్టి రాసుకునేది 'వన్ లైన్ ఆర్డర్'. పేరుకి వన్ లైను, కాగితాలు మాత్రం పాతిక!

సెట్టు మీదికి వెళితే ఇంకో లైన్. ఆర్టిస్టు డైలాగు మరిచిపోతే "లైన్ అందించవయ్యా" అంటారు. అది వాక్యం. హీరో ఎటు చూడాలో చెప్పేది 'ఐ లైన్'. అది చూపు. వీటన్నిటికీ మించి ఇంకో లైన్ వుంది, కంటికి కనపడదు. ఎదురెదురుగా ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటున్నారనుకోండి. వాళ్ళిద్దర్నీ కలుపుతూ నేల మీద ఒక గీత వున్నట్టు వూహించుకోవాలి. కెమెరా ఎన్నిసార్లు జరిపినా ఆ గీతకు ఒక పక్కనే వుండాలి. పొరపాటున అవతలి పక్కకు వెళ్ళిందా, తెర మీద ఇద్దరూ ఒకవైపే చూస్తున్నట్టుంటుంది! ప్రేమికులు మొహాలు తిప్పుకున్నట్టు! దాన్నే "లైన్ క్రాసయింది" అంటారు. నేల మీద లేని గీత కోసం పెద్ద పెద్ద ఛాయాగ్రాహకులు కూడా జుట్టు పట్టుకోవడం నేను చూశాను.

ఇక మామూలు ప్రపంచంలోకి రండి. సినిమా హాలు ముందు నేల టిక్కెట్ల లైను, ఆడవాళ్ళ లైను. ఇంట్లో "లైన్ పోయింది" అంటే కరెంటు పోయిందని. అది బాగు చెయ్యడానికి వచ్చేవాడు లైన్‌మన్. దర్జీ జాకెట్టుకి వేసేది లైనింగు. "మా లైన్లో అందరూ మేష్టర్లే" అంటే వీధి వరస. "ఆ లైన్లో బస్సుల్లేవు" అంటే రూటు. చెడ్డవాడు బాగుపడితే "లైన్లో పడ్డాడు". మంచివాడు హద్దు మీరితే "లైన్ దాటాడు". రాజకీయ నాయకుడికి పార్టీ లైన్. బౌలర్‌కి లైన్ అండ్ లెంగ్త్. పాడేరులో గిరిజనాభివృద్ధి సంస్థ అధికారి సమావేశం పెడితే, ముందు వరస కుర్చీలు 'లైన్ డిపార్టుమెంట్ల' వారికి!

అస్సాం తేయాకు తోటల్లో కూలీల ఇళ్ళ వరసల్ని కూడా లైన్లే అంటారు. మన ఉత్తరాంధ్ర నుంచి తరాల క్రితం ఆ తోటలకు వెళ్ళినవాళ్ళ పిల్లలు ఆ లైన్లలోనే పుట్టి పెరిగారు. అక్కడ 'మీ లైనేది' అంటే మీ ఇల్లెక్కడని అర్థం.

అవిసె నార నుంచి ఆన్‌లైన్ దాకా

ఇన్ని వేషాలు వేసే ఈ మాట అసలు రూపం ఏమిటా అని ఆ తర్వాత ఎప్పుడో నిఘంటువులు తిరగేశాను. మీరు నమ్మరు, దారప్పోగు! లాటిన్ భాషలో 'లీనుం' అంటే మనం అవిసె గింజలంటామే, ఆ మొక్క. దాని నారతో పేనిన దారం 'లీనియా'. ఇంగ్లీషు వాళ్ళ 'లైన్' అందులోంచే వచ్చింది. గోడ కట్టే మేస్త్రి దారం లాగి పట్టుకుని ఇటుకలు పేరుస్తాడు చూడండి, ఆ లాగిపట్టిన దారమే గీత అయింది. గీత హద్దయింది. హద్దు దారయింది. దారి వృత్తయింది. ఆ నారతో నేసిన 'లినెన్' బట్టను లోపల వేసి కుట్టేవారు కాబట్టి లైనింగ్ అయింది. అంటే ఆ జాకెట్టు లైనింగూ, ఈ రైలు లైనూ వేలు విడిచిన చుట్టాలన్న మాట!

దీన్ని మించిన మాటలు కూడా వున్నాయి ఇంగ్లీషులో. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా ఎక్కువ చోటు ఆక్రమించిన మాట ఏమిటో తెలుసా? మన స్టూడియోల్లో రోజూ వినపడే 'సెట్'!

తెలుగులో వీటికి మాటలు లేకనా? గీత, వరస, బారు, తీగ, పట్టాలు, వాక్యం, వీధి, హద్దు, వృత్తి... ఒక్కోదానికి ఒక్కో మాట నిక్షేపంగా వుంది. ఆ మాటలన్నిటినీ మూట కట్టి అటక మీద పెట్టి, ఒక్క 'లైన్'తో సంసారం లాగిస్తున్నాం. బాగానే సాగుతోంది కూడా, ఒకే పని చేసేవాళ్ళ మధ్య వున్నంత సేపు. రెండు రకాల మనుషులు ఒకే చోట ఒకే మాట వాడినప్పుడే చిక్కు. ఆ చిక్కు అరకులో మాకు మూడుసార్లు ఎదురైంది. మొదటి రెండుసార్లూ మాకు బుద్ధి రాలేదు.

పసుపు పూల పైన గీత

ఏజెన్సీ కొండల్లో ఔట్‌డోర్ అనగానే మా యూనిట్లో పాత టెక్నీషియన్లు 'అల్లూరి సీతారామరాజు' కబుర్లు మొదలుపెట్టేవారు. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రంగా 1974లో వచ్చిన ఆ సినిమాను చింతపల్లి అడవుల్లో తీశారు గదా! మాకంత భారీ హంగుల్లేవు. ఒక వ్యాను, ఒక బస్సు, ఒక జనరేటరు. మా దర్శకుడి గారికి కావలసిందల్లా ఒక పాటకు వలిస పూల చేను.

అరకు వలిసె చేలు చూడనివారికి ఎలా చెప్పను? శీతాకాలం మొదలవుతుండగా కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. తెల్లారగట్ల మంచు విడిపోతుంటే ఆ రంగు ఒక్కో బారెడే బయటపడుతుంది. అలాంటి చేనొకటి కొండ మీద దొరికింది. దర్శకుడి గారు చిన్నపిల్లాడిలా గంతేశారు. చేను గల రైతు మాత్రం ఒప్పుకోలేదు. డబ్బిస్తామన్నాం. తల అడ్డంగా వూపాడు. కిందనున్న చేను చూపించి, "అది తీసుకోండి" అన్నాడు. అది సగం రాలిపోయి వుంది.

"పైది ఎందుకివ్వవయ్యా?" అని మా ప్రొడక్షన్ మేనేజర్ గదమాయించాడు.

"అది లైన్ పైనుంది" అన్నాడతను.

మేమంతా తలలెత్తి కొండ మీద రైలు పట్టాలున్నాయేమోనని చూశాం! అతను మాకు చేయెత్తి చూపించాడు. పొదల మధ్య అక్కడక్కడా పేర్చిన రాళ్ళ గుట్టలు. అవి ఫారెస్టు హద్దు రాళ్ళు. ఆ లైనుకు పైన వున్నది అడవి, కింద వున్నది వూరు అని కాగితం. అతని తాత కొట్టిన పోడు పైన వుంది. "మీరు ఫొటో తీస్తారు. ఆ ఫొటో అందరూ చూస్తారు" అన్నాడు. అంతకంటే చెప్పలేదు.

మాకప్పుడు అది చాదస్తంలా తోచింది. మా సినిమా చూసి ఎవరో వచ్చి కేసు పెడతారా అని నవ్వుకున్నాం. తర్వాత చదువుకుంటే తెలిసింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చినప్పటి నుంచి ఆ గీత ఆ కొండలవారిని వెంటాడుతూనే వుంది. 1922లో రామరాజు వెంట కొండవాళ్ళు కదలడానికి వున్న కారణాల్లో పోడు మీదా, అడవి మీదా పెట్టిన ఆంక్షలు ముఖ్యమైనవి. ఎవరి తెర మీద ఆయన కథను చప్పట్లు కొట్టి చూశామో, ఆ కథలోని గీతే మా ఎదుట రాళ్ళ గుట్టలై నిలబడి వుంటే గుర్తుపట్టలేకపోయాం! 2005 డిసెంబరు 13 నాటికి సాగులో వున్న గిరిజనుల భూమికి హక్కు ఇవ్వాలని అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. మేము వెళ్ళింది దానికి ఇరవై ఏళ్ళ ముందు. అతను జాగ్రత్త పడటంలో తప్పేముంది?

మేం సగం రాలిన చేన్లోనే తీశాం.

"లైన్లోకి మేం రాం"

రెండోది నవ్వు పుట్టించే సంగతి. అప్పుడలా అనుకున్నాం.

పాటలో ఒక చరణానికి థింసా పెట్టాలన్నారు. దగ్గరి గూడెం నుంచి ఒక బృందాన్ని పిలిపించారు. థింసా మీలో చాలామంది చూసే వుంటారు. ఆడవాళ్ళు వీపుల వెనక చేతులు పెనవేసుకుని, ఒకే అడుగుగా కదులుతారు. డప్పు, తుడుము, కిరిడి, మోరి వాయిస్తుంటే ఆ బారు పాములా వంకర తిరిగి, చుట్ట చుట్టుకుని, మళ్ళీ విప్పుకుంటుంది. చూస్తుంటే మన కాళ్ళు కూడా ఆగవు.

చిత్రీకరణ జరుగుతున్నది స్టేషను దగ్గర మైదానంలో. (స్టేషను పేరు చెప్పను. కారణం మీకే అర్థమవుతుంది.) మా నృత్య దర్శకుడికి ఆ పాము నడక నచ్చలేదు. ఫ్రేములో తిన్నగా వుండాలంటాడు. మైకు పట్టుకుని, "లైన్లోకి రండమ్మా! అందరూ లైన్లోకి!" అని ఒకటే కేకలు.

వాళ్ళు ఒక్కడుగు కూడా కదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ తలలు తిప్పి రైలు పట్టాల వైపు చూశారు. బృందానికి పెద్దదిక్కయిన ముసలామె ముందుకొచ్చి గట్టిగా చెప్పింది: "లైన్లోకి మేం రాం బాబూ. బండొస్తాది."

యూనిట్ యూనిటంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నృత్య దర్శకుడు నెత్తి కొట్టుకున్నాడు. ఆమె మాత్రం నవ్వలేదు. ఎందుకు నవ్వుతుంది? 1960లలో ఆ కొండలు తొలిచి దారి వేసినప్పటి నుంచి ఆ వూళ్ళలో లైన్ అంటే ఒక్కటే అర్థం. బస్తరు బైలదిల్లా గనుల ఇనుప రాయిని విశాఖ రేవుకు, అక్కణ్ణుంచి జపానుకు పంపడానికి వేసిన దారి అది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా నాలుగువందల కిలోమీటర్లకు పైన, యాభై ఎనిమిది సొరంగాలు. అందులో శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తు. దేశంలో అంత ఎత్తున బ్రాడ్‌గేజి స్టేషను మరొకటి లేదని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నారు. ఆ దారి మీద పగలూ రాత్రీ గూడ్సు బళ్ళు నడుస్తూనే వుంటాయి. మేకల్ని కాసుకునే పిల్లవాడికి తల్లి చెప్పే మొదటి జాగ్రత్త, "లైన్లోకి పోకురా!"

ఆ తల్లుల్నే మేం లైన్లోకి రమ్మని మైకులో పిలిచాం.

అప్పుడేనా మాకు తెలివి రావలసింది! రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం

ఇక అసలు విషయానికి వస్తున్నాను.

మా యూనిట్లో ఒక పద్ధతి వుండేది. ఔట్‌డోర్లో చుట్టూ జనం మూగుతారు గదా! వాళ్ళు కెమెరా చూపుకు అడ్డం రాకుండా తరమడం మూడో అసిస్టెంటు పని, అంటే నా పని. జనాన్ని తప్పించి, చెయ్యెత్తి, "లైన్ క్లియర్ సార్!" అని అరవాలి. ఆ కేక వినగానే దర్శకుడి గారు "స్టార్ట్ కెమెరా" అంటారు. ఆ మాటకు ఇంకే అర్థం వుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక దర్శకుడి గారికి ఒక వూహ వచ్చింది. ప్లాట్‌ఫారం చివర పట్టాలు మలుపు తిరిగి కొండ చాటుకు పోతాయి. ఆ పట్టాల మధ్య హీరోయిన్ వెనుదిరిగి చూడకుండా నడిచి వెళ్ళాలి. వెనక పొగమంచు. ఎంత బాగుంటుంది! అనుమతి కాగితంలో ప్లాట్‌ఫారం అని వుంది గాని పట్టాలని లేదు. "ఒక్క షాటే గదా, రెండు నిమిషాలు" అనుకున్నారు. స్టేషన్లో ఎవరికీ చెప్పలేదు. తప్పు మాదే. అందులో నా వాటా కూడా వుంది.

హీరోయిన్ కొత్తమ్మాయి. అది ఆమెకు మొదటి చిత్రం. చెప్పులు తీసేసి కంకర మీద నడవమన్నారు. కాళ్ళు గుచ్చుకుంటున్నా కిక్కురుమనకుండా వెళ్ళి మలుపు దగ్గర నిలబడింది. ఇద్దరు గ్రూపు డాన్సర్లు కాస్త వెనగ్గా. నేను ప్లాట్‌ఫారం అంచున వున్నాను. జనాన్ని వెనక్కు నెడుతున్నాను.

అప్పుడు స్టేషను గది వైపు నుంచి పాయింట్స్‌మన్ మమ్మల్ని చూసి పెద్దగా అరిచాడు: "లైన్ క్లియర్ ఇచ్చేశారండోయ్! లైన్ క్లియర్!"

నాకు ప్రాణం లేచొచ్చింది. 'అమ్మయ్య, రైల్వేవాళ్ళే లైన్ క్లియర్ అంటున్నారు, ఇంకేం కావాలి!' అనుకున్నాను. చెయ్యెత్తి, ఆ మాటనే మరింత గట్టిగా దర్శకుడి గారికి అందించాను: "లైన్ క్లియర్ సార్!"

"రెడీ! స్టార్ట్ కెమెరా! యాక్షన్!"

ఆ అమ్మాయి నడక మొదలుపెట్టింది.

పట్టాల వెంట ఒక మనిషి పరుగెత్తుకు రావడం అప్పుడే చూశాను. ఖాకీ చొక్కా, భుజాన సుత్తి, చేతిలో విప్పిన ఎర్రజెండా. కీమేన్. పట్టాల్ని పట్టివుంచే కీలు వదులయ్యాయో లేదో చూసుకుంటూ రోజూ మైళ్ళకు మైళ్ళు నడిచే మనిషి. వస్తూనే ఆ అమ్మాయిని రెక్క పట్టి పట్టాల అవతలికి లాగేశాడు. డాన్సర్లను కసిరి పంపేశాడు. దర్శకుడి గారు "కట్! కట్! ఎవడయ్యా వీడు!" అని కేకలేశారు. మా మేనేజర్ అతని మీదికి వెళ్ళాడు. ఆర్టిస్టు మీద చెయ్యి వేస్తావా అని. మాటా మాటా పెరిగింది. అతను మాట వినిపించుకోకుండా జెండా పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"లైన్ క్లియర్ అని మీవాళ్ళే చెప్పారయ్యా!" అన్నాను నేను, న్యాయం మావైపే వుందన్న ధీమాతో.

అతను నా వైపు తిరిగాడు. శ్రీకాకుళం యాస. ఆ మాటలు ఇవాళ్టికీ నా చెవుల్లోనే వున్నాయి.

"ఏటి బాబూ! మీకు లైన్ క్లియర్ అంటే దారి కాళీ అని. మాకు లైన్ క్లియర్ అంటే బండొస్తాదని!"

ఎవ్వరూ మాట్లాడలేదు. ఒక నిమిషం గడిచిందో, రెండు నిమిషాలు గడిచాయో చెప్పలేను. ముందు పట్టాలు సన్నగా మూలిగాయి. తర్వాత మలుపు చాటు నుంచి గూడ్సు వచ్చింది. ఇనుప రాయి నింపుకున్న పెట్టెలు. ఒకటి, రెండు, పది, ఇరవై... స్టేషన్లో ఆగే బండి కాదది. మా మొహాల మీద ఎర్రటి ధూళి కొట్టుకుంటూ పోతూనే వుంది. మేం అతనితో పోట్లాడిన సేపు మా షాటుకు పట్టే సమయమే. ఆ మలుపులో, ఆ పొగమంచులో, ఇంజన్ డ్రైవరుకు ఆ పిల్ల కనపడేది ఎప్పుడు? కనపడినా అంత బరువైన బండి ఆగేది ఎక్కడ?

బండి పోయాక చూస్తే, అవతలి గట్టు మీద ఆ అమ్మాయి కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుని వుంది. థింసా బృందం ఆడవాళ్ళు ఆమె చుట్టూ వున్నారు. వాళ్ళు పట్టాల దగ్గరికి మొదటినుంచీ రానే లేదు. పొద్దున మేం నవ్వుకున్న ముసలామె ఆమె వీపు నిమురుతోంది.

తాళం చెవి లాంటి మాట

సాయంత్రం స్టేషన్లో ఆ సంగతి విడమరిచి చెప్పించుకున్నాను. మీకు కూడా చెబుతాను, రైలెక్కే ప్రతివాడూ తెలుసుకోదగ్గది.

ఒంటి లైన్ మీద రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒకే బండి వుండాలి. ఎదురుగా ఇంకోటి రాకూడదు, వెనక నుంచీ రాకూడదు. అందుకని బండిని పంపాల్సిన స్టేషను మాస్టరు, ముందున్న స్టేషను మాస్టరును అడుగుతాడు, మీ వైపు దారి ఖాళీయేనా, పంపమంటారా అని. ఆయన తన లెక్కలు చూసుకుని, ఇంతకుముందు బండి మొత్తం చేరిందని నిశ్చయం చేసుకుని ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలు పేరే లైన్ క్లియర్. ఆ రోజుల్లో చాలా చోట్ల దానికి గుర్తుగా ఇనుప గుండు ఒకటి యంత్రంలోంచి బయటికి వచ్చేది. అది చేతిలో పడితేగాని డ్రైవరు బండి కదిలించడు. ఒక గుండు బయట వుండగా రెండోది రాదు. అంత కట్టుదిట్టం!

కనుక 'లైన్ క్లియర్ ఇచ్చేశారు' అంటే పక్క స్టేషన్లో బండి బయల్దేరబోతోందన్న మాట. ఎవరైనా పట్టాల మీద వుంటే తప్పుకోవాలన్న మాట. పాయింట్స్‌మన్ మమ్మల్ని హెచ్చరించడానికే అరిచాడు పాపం! ఆ హెచ్చరికనే నేను అనుమతి చేసి దర్శకుడి గారికి అందించాను. మాటలో ఒక్క అక్షరం మారలేదు. అర్థం మాత్రం తలకిందులయింది.

రైల్వేవాళ్ళ లైన్ క్లియర్ తప్పా? కాదు. మా లైన్ క్లియర్ తప్పా? అదీ కాదు. స్టూడియోలో వున్నంత కాలం దానివల్ల ఎవరికీ హాని జరగలేదు. వాళ్ళ చోటికి మేం వెళ్ళి, మా అర్థాన్ని వెంట తీసుకుపోవడమే తప్పు. రైతు లైన్ అంటే పట్టాలేమోనని వెతికాం. ముసలామె లైన్ అంటే పట్టాలంటే నవ్వాం. పాయింట్స్‌మన్ లైన్ అంటే కెమెరా చూపనుకున్నాం. మూడుసార్లూ అవతలివాడి అర్థమే ఆ నేల మీద చెల్లేది. అడగాలని మాకు తోచలేదు. "మీ దగ్గర ఆ మాటకు అర్థమేమిటండీ?" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి!

మర్నాడు దర్శకుడి గారు ఆ కీమేన్‌ని పిలిపించి యూనిట్ అందరి ముందూ నమస్కారం పెట్టారు. డబ్బివ్వబోతే అతను తీసుకోలేదు. "సినిమా వొచ్చాక టిక్కెట్టిప్పించండి" అని నవ్వాడు. ఆ చిత్రం విడుదలకు నోచుకోలేదు. ఆ టిక్కెట్టు బాకీ నాకు అలాగే వుండిపోయింది.

మొన్న మొన్నటి మాట

ఆ తర్వాత చాలా ఏళ్ళకు మళ్ళీ ఆ దారిలో వెళ్ళాను. 2017లో విశాఖ నుంచి అరకుకు అద్దాల పెట్టె పెట్టారు గదా, దాని కోసం. పైకప్పులోంచి ఆకాశం కనిపిస్తుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె నిండా పిల్లల కేకలు. అరకు 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో వుంది. వలిసె చేలలో ఫొటోలు దిగడానికి ఇప్పుడు టిక్కెట్టు పుచ్చుకుంటున్నారు కొన్నిచోట్ల. మంచిదే, రైతుకు నాలుగు డబ్బులొస్తాయి.

బొర్రా గుహలు దాటాక ఫోను మోగింది. మనవడు. "తాతయ్యా, ఆన్‌లైన్‌లో వున్నావా? ఇందాకట్నుంచి మెసేజి పెడుతున్నా!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి చూశాను. పట్టాలకు కాస్త ఎడంగా, గట్టు వారగా ఒక కీమేన్ నిలబడి వున్నాడు. భుజాన సుత్తి, చంకలో చుట్టిన ఎర్రజెండా. మా బండి పోయేదాకా ఆగి, మళ్ళీ పట్టాల మీదికి దిగి నడక మొదలుపెట్టాడు. మా వాడు 'ఆన్‌లైన్' అన్న మాటకు, ఆ మనిషి రోజూ చేసే పనికి మధ్య ఎంత దూరమో అనిపించింది.

"తాతయ్యా, వినపడుతోందా?"

"ఆఁ, వినపడుతోందిరా. రైల్లో వున్నాను, సొరంగం వస్తోంది" అన్నాను. అంతలోనే మాట తెగిపోయింది.

అన్నట్టు చెప్పడం మరిచాను. ఆ మధ్యాహ్నం తర్వాత మా యూనిట్లో 'లైన్ క్లియర్' అన్న మాట మళ్ళీ ఎవరి నోటా వినపడలేదు. జనాన్ని తప్పించాక నేను చెయ్యెత్తి "ఖాళీ సార్!" అనేవాణ్ణి. ఆ మాట కూడా మనకు ఉర్దూ నుంచి వచ్చినదే, కాదనను. కానీ ఖాళీ అంటే రైతుకైనా, రైల్వేవాడికైనా, సినిమావాడికైనా ఖాళీయే!